లేని స్తూపాన్ని చూడడం ఎలా?

సెలవుల్లో ఊరికి వెళ్లిన మనవాళ్లు కృష్ణలో స్నానం చేసి, అమరేశ్వరుని దర్శించుకొని, దగ్గరలోనే ఉన్న మహాచైత్యం చూడబోతే నిరాశే కలుగుతుంది. గుండ్రని దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతిపలకలు, అంతే. “దీనికేనా ఇంత పేరు?” అని పిల్లలు అడిగితే ఏమి చెప్పగలం?

పేరు అబద్ధం కాదు. సుమారు 160 అడుగుల వ్యాసంగల స్తూపమది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు ఊరు కట్టించే రోజుల్లో ఇటుకలకూ రాళ్లకూ దిబ్బను తవ్వారు. చలువరాళ్లు కొన్ని సున్నానికి కాలిపోయాయి. 1797లో మెకంజీ దొర వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో ఎలియట్ దొర తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. తక్కినవాటిలో పెద్దభాగం చెన్నై ఎగ్మూరులో, కొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నాయి.

రాళ్లు కదలకుండానే వీటిని ఒకచోట చూపే ఉపాయం ఉంది. దానిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. సెల్‌ఫోను కెమెరా ఎదుటి రాళ్ల అంచులను గుర్తుపట్టి, మనం ఎక్కడ, ఎటు తిరిగి నిలబడ్డామో లెక్కకట్టి, ఆ దిబ్బమీదనే స్తూపం బొమ్మ నిలుపుతుంది. మనం చుట్టూ నడిస్తే రెండోవైపు కనిపిస్తుంది. ప్రదక్షిణం చేయవచ్చునన్నమాట! గ్రీసులో ఒలింపియా శిథిలాలవద్ద 2000 ప్రాంతంలోనే దీన్ని పరీక్షించారు. అప్పట్లో వీపున కంప్యూటరు మోయవలసి వచ్చేది.

అమరావతి చేసుకున్న అదృష్టమేమంటే, శిల్పులు స్తూపం రూపాన్ని ఆ స్తూపపు పలకలమీదనే చెక్కిపెట్టారు. అయినా పైభాగం సరిగ్గా ఎలా ఉండేదో పండితులు ఒకమాటమీద లేరు. కనుక దొరికిన రాయిని ఒక రంగులో, ఊహించినదాన్ని మరో రంగులో చూపాలని నా అభిప్రాయం. లేకుంటే పిల్లలు సినిమా సెట్టింగునే చరిత్ర అనుకుంటారు.

అమరావతిదాకా ఎందుకు, మన ధారావి కాలా కిల్లా సంగతి చూడండి. 1737లో గవర్నరు జాన్ హార్న్ ఆజ్ఞతో కట్టినట్లు అక్కడ ఫలకం ఉంది. ఖాడీకి ఆవల సాష్టీ అప్పుడు పోర్చుగీసువారిది. ఆ ఏడే మరాఠాలు దానిమీదికి వచ్చారు. ఇప్పుడు కోట చుట్టూ ఇళ్లే. గోడవద్ద ఫోను పట్టుకుంటే ఆనాటి నీళ్లూ, ఆవలి గట్టూ కనిపించేటట్లు చేయవచ్చు. అయితే బొమ్మ ఆనుకొనేది మిగిలిన గోడ అంచులనే. ఆ గోడల్లోకి చెట్ల వేళ్లు దిగాయి. ముందు వాటిని తీయించాలి.