వజ్రపు ముల్లు అరుగునా?

వజ్రము గాజును కోయును, రాతిని తొలుచును. అట్టి వజ్రమునే గ్రామఫోను ముల్లుకు కొనగా అమర్చుదురు. ఆ ముల్లు నడచు ఎల్‌పి రికార్డు మెత్తని వినైల్ ప్లాస్టిక్కుతో చేయబడినది. అయినను కొంతకాలమునకు ముల్లు అరుగును. అరిగిన ముల్లు రికార్డును పాడుచేయును. ఇది ఎట్లు సంభవించును?

దీనికి సమాధానము పీడనములో ఉన్నది. ఎల్‌పి గాడిలో నడచు గుండ్రని కొన వ్యాసార్ధము సుమారు 18 మైక్రోమీటర్లు మాత్రమే. అది గాడి రెండు గోడలను తాకు వైశాల్యము మొత్తము 100 చదరపు మైక్రోమీటర్లు అనుకొనుడు. ఇది చదరపు సెంటీమీటరులో పదిలక్షలవ వంతు. ముల్లుపై భారము 2 గ్రాములైనచో, పీడనము చదరపు సెంటీమీటరునకు 2,000 కిలోగ్రాములగును! సముద్రమట్టమున వాతావరణ పీడనము ఒక కిలోగ్రాముకంటె ఏ కొంచెమో ఎక్కువ.

ఇక ప్రయాణము మాట. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు రికార్డు 20 నిమిషములలో సుమారు 667 చుట్లు తిరుగును. సగటు చుట్టు పొడవు 65 సెంటీమీటర్లు అనుకొనినచో, ఒక్క వైపు ముగియుసరికి ముల్లు 430 మీటర్లు నడచును. 1,000 గంటలలో ఆ దూరము 1,300 కిలోమీటర్లు. దారిపొడవునను గాడిలోని ధూళి, ఇసుక రేణువులు ఆ ముల్లును సానపట్టుచునే యుండును.

క్రమముగా గుండ్రని కొనకు ఇరుప్రక్కల చదునులు ఏర్పడును. వాటి అంచులు ఉలివలె గాడి గోడలను గీకును. ముల్లును మార్చవచ్చును, చెడిన గాడిని మరల బాగుచేయలేము. కావున ముల్లు సంరక్షణమే రికార్డు సంరక్షణము.

పూర్వపు 78 చుట్ల లక్క రికార్డుల సంగతి వేరు. వాటిలో రాతిపొడి కలిసియుండుటచే ఉక్కు ముల్లే త్వరగా అరిగెడిది. అందుచే ఒక వైపు ఆడగానే ముల్లు మార్చెడివారు. ఆ గాడి వెడల్పైనది. ఎల్‌పి ముల్లును దానిలో వాడరాదు.

సంరక్షణకు కొన్ని నియమములు కలవు. రికార్డును ముందుగా ధూళి లేకుండ తుడువవలెను. ముల్లును మెత్తని పొడి కుంచెతో వెనుకనుండి ముందునకు, అనగా రికార్డు కదలు దిశలోనే, తుడువవలెను. ఎదురుగా గాని అడ్డముగా గాని తుడిచినచో ముల్లును మోయు సన్నని కడ్డీ వంగిపోవును. వ్రేలితో తాకరాదు, చర్మముపైని జిడ్డుకు ధూళి అంటుకొనును.

భారము ఎంత తగ్గించిన అంత మేలని కొందరు తలతురు. అది పొరపాటు. భారము చాలనిచో ముల్లు గోడను విడిచి, మరల వచ్చి దానిని కొట్టుచుండును. తయారుచేసినవారు చెప్పిన భారమునే చిన్న త్రాసుతో సరిచూచి ఉంచవలెను.

వజ్రపు ముల్లును సాధారణముగా 500 నుండి 1,000 గంటలలోపు మార్చుట మంచిది. ఆడిన గంటలను ఒక పుస్తకములో వ్రాసికొనినచో ఆ సమయము తెలియును. పీడనమును బోధించు ఉపాధ్యాయులు పై లెక్కను విద్యార్థులచే చేయించవచ్చును. బలము స్వల్పమైనను, వైశాల్యము అత్యల్పమైనచో వజ్రము సైతము అరుగునని వారు స్వయముగా గ్రహింతురు.