వాక్పారుష్యము

కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణమందు వాక్పారుష్యమను ప్రకరణ మొకటి కలదు. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి తాళపత్రములుగా చిక్కి 1909లో ముద్రితమైన యీ గ్రంథమును మనవారు రాజనీతికై, పన్నుల పద్ధతులకై, గూఢచారుల వృత్తాంతములకై చదువుదురు గాని యీ చిన్న ప్రకరణముపై దృష్టి నిలుపువారు అరుదు. కన్నో కాలో సరిగా లేని మనుష్యుని ఆ లోపమునే యెత్తి నిందించినవానికి, లోపము నిజముగా నున్నయెడల 3 పణములు దండుగ. లేని లోపమును కల్పించి యన్నయెడల 6 పణములు. చూపులేనివానిని ‘ఆహా, యెంత చక్కని కన్నులు!’ అని యెత్తిపొడిచినయెడల 12 పణములు.

ఉన్నమాటయే యంటినన్న సమాధానము ఆ న్యాయాధికారుల యెదుట చెల్లదన్నమాట. వెక్కిరింతతో గూడిన పొగడ్త తిట్టుకంటె నాలుగింతల నేరమన్నమాట. (అదే ప్రకరణమున జాతి తారతమ్యమును బట్టి దండుగను హెచ్చించుటయు, తగ్గించుటయు కలదు. దానిని మన మాదరింప బనిలేదు.) మన పార్లమెంటు 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టమందు 92వ సెక్షను ప్రకారము, పదిమంది యెదుట అవమానింపవలయునను తలంపుతో వికలాంగుని తిట్టినను బెదరించినను 6 నెలలకు తక్కువ గాకుండ 5 సంవత్సరముల వరకు కారాగారమును జరిమానాయు విధింపవచ్చును. చట్టము లోపించి మన నోటికి అదుపు లేకపోయెనని యెవ్వరును చెప్పజాలరు.

నల్లగొండ, మహబూబునగరము సీమలలో మనుష్యులను వావి పెట్టి పిలుచుట తరతరముల మర్యాద. దారినబోవు వృద్ధుడు కాక, ముసలమ్మ అవ్వ, నడివయసు ఆమె అక్క. పాలివాడైనను పరాయివాడైనను ఈ పిలుపునకు లోటుండదు. కాని ఆ వృద్ధునికే యొక కాలు చచ్చుబడినదా, ఆయన కాక కాడు, ‘కుంటోడు’. ఆ అవ్వకే చూపు పోయినదా, ఆమె అవ్వ కాదు, ‘గుడ్డిది’. తెలుగుభాషయందు గౌరవము విశేషణములకంటె సర్వనామములందును క్రియల చివరలందును ఎక్కువగా నివసించును. ‘వచ్చిండు’, ‘వచ్చిన్రు’ అను రెండింటి నడుమ ఒక మనుష్యుని సంసారగౌరవ మంతయు నిమిడియున్నది. అంగలోపమును పేరుగా జేసినంతనే వయస్సు, చదువు, వావి, బిడ్డలను పెంచిన పెంపకము, సేద్యమున చూపిన నేర్పు అన్నియు ఆ యొక్క ప్రత్యయముతో కొట్టుకొనిపోవుచున్నవి. బీదవారి విషయమున, అందును కులముచేత తక్కువగా నెంచబడినవారి విషయమున, ఈ యన్యాయము రెట్టింపగుచున్నది. కంటిచూపు మందగించిన భూస్వామిని ‘గుడ్డోడు’ అని యెదుట ననువా రెందరు?

ఈ సీమకు ఇది పైపై మర్యాదల ప్రశ్న కాకపోవుటకు వేరొక కారణము కలదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతముల భూగర్భమునందలి గ్రానైటు శిలలనుండి ఫ్లోరైడు నీటిలో దిగుచున్నది. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించిన యీ పదార్థము అంతకు హెచ్చుగా నున్న నీటిని యేండ్లతరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, కీళ్లు బిగియును, వెన్ను వంగును. 1937లో నెల్లూరు జిల్లా గ్రామములను పరీక్షించి షార్టు మొదలగు వైద్యులు ఈ వ్యాధిని లోకమునకు వెల్లడించిరి. నల్లగొండ జిల్లా వృత్తాంతమును 1955లో సిద్దిఖీ యను వైద్యుడు బ్రిటిషు మెడికల్ జర్నలునందు ప్రకటించెను. 1970 దశకమున నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు పటికను సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తొలగించు విధానమును రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. టాంజానియా, ఇథియోపియా దేశములవరకు మన ఊరిపేరు ఆ విధముగా వ్యాపించినది. వ్యాపించుటకు మనము కోరుకొనిన కీర్తి కాదది.

కనుక మర్రిగూడలో నొక మనుష్యుని నడుము వంగినదన్నచో దానిని వంచినది ఆయన పూర్వజన్మ పాపము కాదు, తల్లిదండ్రుల దోషము కాదు. త్రాగుటకు వేరు నీరు లేకపోవుటయు, వేరు నీరు తెచ్చి యీయవలసినవారు దశాబ్దములు జాగుచేయుటయు. అట్టివానిని ‘వంకరోడు’ అన్నప్పుడు నేరము ఎవరిది, పేరెవరికి? నీటి దోషమును త్రాగినవాని మెడకు గట్టుచున్నాము. అంతటితో నాగక ఆ మాట మనుష్యుని దాటి ఊరికి ప్రాకినది. ‘ఫ్లోరైడు ఊరు’ అను పేరు పడినతోడనే ఆ ఊరికి పిల్ల నిచ్చుటకును, ఆ ఊరి పిల్లను చేసికొనుటకును జనులు వెనుదీసిరి. 1996 లోకసభ యెన్నికలలో నీటికొరకు నిరసనగా నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలుచుట చదువరులకు జ్ఞాపక ముండవచ్చును. వారు అడిగినది కృష్ణానీరు. జాలిని వారు కోరలేదు.

జాలి మాట వచ్చినది గనుక పత్రికలవారి సంగతి చెప్పకతప్పదు. అందు మనమును చేరినవారమే. ఫ్లోరైడు పీడితులను గూర్చి మన పత్రికలు మంచి యుద్దేశముతోనే లెక్కలేనన్ని వార్తలు వ్రాసినవి. ఆ వార్తల ఫలముగా ప్రభుత్వములలో కొంత చలనము కలిగినదనుటయు నిజమే. కాని వానిలో మరల మరల కనబడు మాట ‘జీవచ్ఛవములు’. అనగా బ్రతికియున్న పీనుగులు! ఉదయమున పత్రిక చేతబట్టుకొని తన ఊరి వార్త చదువు ఒక యువకునికి తాను పీనుగునని తెలియవచ్చుచున్నది. శివన్నగూడెమునకు చెందిన అంశాల స్వామిగారు 2022 జనవరిలో మరణించువరకు ఫ్లోరైడు వ్యతిరేక పోరాటమునకు గుర్తుగా నిలిచిరి. నాయకులయెదుట, విలేఖరులయెదుట నోరు తెరచి తమ ప్రాంతమునకు నీరడిగిన ఆయనను జీవచ్ఛవ మనుట యెట్లు పొసగును? పీనుగు ప్రశ్నింపదు. ఛాయాచిత్రము ప్రకటించిన చోట మనుష్యుని పేరు లేక ‘ఫ్లోరైడు భూతమునకు బలి’ యని మాత్రము వ్రాయుట మరియొక దురలవాటు. కరుణతో నైనను మనుష్యుని వస్తువుగా జూపుట కౌటిల్యుని లెక్కలో నేదో యొక దండుగకు తగును.

ఇక శీర్షికల సంగతి. బడ్జెటున నిధులు రాకపోయినచో ‘పాలమూరునకు మొండిచేయి’ యని పెద్దయక్షరములతో వేయుట మనకు పరిపాటి. దేశమునందు ఎన్నియో ఆనకట్టలను, కాలువలను కట్టినవారు పాలమూరు కూలీలు. రాతిపనిలో చేయి పోగొట్టుకొని యింటికి మరలివచ్చిన కూలీ ఆ శీర్షికను చదివిన నేమనుకొనును? భాషలోని ప్రతి జాతీయమును ఏరిపారవేయవలె నని మేమనుట లేదు. ‘పనులు కుంటుపడినవి’ యన్నప్పుడు ఎవరి ముఖమును కండ్లకు గట్టదు. ఆ మాట అరిగి నునుపెక్కినది. కాని ‘గుడ్డి ప్రభుత్వము’, ‘చెవిటి అధికారులు’, ‘మొండిచేయి’ అనునవి వేరు. చూడనొల్లనివాని దుర్మార్గమునకు చూడలేనివాని స్థితిని ఉపమానము చేయుట యన్యాయము. గుడ్డితనమున మోసము లేదు, చెవుడున అహంకారము లేదు. 2024 జూలైలో భారత సర్వోన్నత న్యాయస్థానము, నాటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడుగారి తీర్పున, చలనచిత్రములలో వికలాంగులను చూపవలసిన తీరును గూర్చి ఇట్టి విభాగమునే చేసినది: వికలాంగుల స్థితిని తెలిసికొనుటకు తోడ్పడు హాస్యము వేరు, వారిని కించపరచు హాస్యము వేరు అని.

తిట్టు పోవలెనన్న తొందరలో పొగడ్తలోనికి దుముకుట వేరొక ప్రమాదము. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి మోదీగారు ‘దివ్యాంగు’లను పేరును సూచించిరి, తరువాత కేంద్రప్రభుత్వ శాఖయే ఆ పేరు దాల్చినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ‘విభిన్న ప్రతిభావంతు’లనుచున్నది. ఉద్దేశము మంచిదే కావచ్చును. అయినను చచ్చుబడిన కాలు దివ్యమైన దెట్లగును? ఆ కాలితో బస్సు మెట్టెక్కలేనివానికి కావలసినది మెట్టులేని బస్సు గాని దేవత్వము కాదు. వికలాంగుల సంఘములు కొన్ని 2016 ఆరంభముననే ఈ పేరు వలదని ప్రధానికి వ్రాసినవి. మన తెలంగాణమున హక్కులకై పోరాడు సంఘములు తమ పేరులలో ‘వికలాంగుల’ అను మాటనే నిలుపుకొనినవి. వికల శబ్దమునకు లోపించినదని యర్థ మున్నను, దానితో సభలు జరిపి, పింఛనులు సాధించి, ఆ మాటను వారు తమదిగా జేసికొనిరి. చెవులు వినబడనివారిలో పలువురు తమను బధిరులనుటకే యిష్టపడుదురు. ఏ పేరు తగునో తేల్చు అధికారము పండితునకు లేదు, మంత్రికిని లేదు, పిలువబడువారిని అడుగవలయును. అడుగుటకు వీలులేని చోట దేహస్థితిని విశేషణముగా నుంచి మనుష్యుని ముందు నిలుపుట క్షేమము: ‘చూపులేని ఆయన’, ‘వినికిడి లేని ఆమె’, ‘చక్రాల కుర్చీపై వచ్చినవారు’.

మాటలు మార్చినంత మాత్రమున పింఛను పెరుగునా, బడి మెట్లు తగ్గునా యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. వారు ఈ సీమ చరిత్రమును మరువరాదు. 1921లో హైదరాబాదున వివేకవర్ధని మందిరమందు కార్వే పండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినప్పుడు సభలోని యితర భాషలవారు అల్లరిచేసి పరిహసించిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులే లేరన్న మాటకు పాలమూరు సీమవాడైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను పేరుపేరున నిలిపి బదులు చెప్పిరి. ఒక వెక్కిరింత యెంత లోతుగా దిగునో, పేరుతో నిలుపుట యెంత బలమైన సమాధానమో మన పెద్దలకు తెలియును. అట్టివారి సంతతివారము కల్లము వద్ద కూలిలెక్క వ్రాయునప్పుడు ‘కుంటోనికి నాలుగు దినాలు’ అని వ్రాసికొనుచున్నాము.

ఊరిలో ఇద్దరు మల్లయ్యలున్నచో గుర్తేమి యని యడుగువారు కలరు. ఇంటిపేరు కలదు, తండ్రిపేరు కలదు, వాడకట్టు కలదు. ఊరి మర్రిచెట్టు ప్రక్కన ఇల్లున్న మల్లయ్యను మర్రికాడి మల్లయ్య యనవచ్చును. ఆయన కాలు సంగతి వైద్యునికిని, పింఛను కాగితమునకును కావలసినది, కూలిలెక్కకు అక్కరలేదు.