వేయించిన మేపుల్

చికాగోలో చలికాలం వస్తే నా గిటార్‌కి పళ్ళు మొలుస్తాయి. హీటర్ గాలికి నెక్ కర్ర ఎండి కుంచించుకుపోతుంది. లోహపు ఫ్రెట్లు కుంచించుకోవు కదా, వాటి కొసలు పక్కకి పొడుచుకొస్తాయి. పోయిన జనవరిలో మా అమ్మాయి నెక్ మీద చెయ్యి జారిస్తే వేలు గీసుకుపోయింది. రోస్టెడ్ మేపుల్ గురించి చదవడం ఆ రాత్రే మొదలుపెట్టాను.

ఆక్సిజన్ బాగా తగ్గించిన ఓవెన్‌లో కర్రని దాదాపు 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచుతారు. ఆక్సిజన్ చాలదు కాబట్టి కర్ర అంటుకోదు. తేమ పోతుంది, తేమని పీల్చుకునే హెమిసెల్యులోజ్ విరిగిపోతుంది, తెల్లటి మేపుల్ బెల్లప్పాకం రంగుకి తిరుగుతుంది. ఆ తర్వాత గాలిలో తేమ పెరిగినా తగ్గినా కర్ర అంతగా కదలదు. ఉప్మారవ్వ వేయించి డబ్బాలో పోసే మా అమ్మకి ఇదంతా ఫోన్లో వివరిస్తే, "ఓస్, ఇంతేనా!" అంది.

మామూలు మేపుల్‌కి లక్క పూత తప్పనిసరి, లేకపోతే చెమట, మురికి పట్టేస్తుంది. దీనికి చాలామంది నూనె, మైనంతో సరిపెడతారు. అరచెయ్యి అతుక్కోదు. అయితే వేయించిన కర్ర కాస్త పెళుసు. స్క్రూకి ముందుగా సరైన బెజ్జం వెయ్యకపోతే చీలుతుంది. నాదం కూడా మారుతుందంటారు గానీ, నా చెవికైతే తేడా దొరకలేదు.

నెక్ మార్చాను. ఈ చలికాలం ట్రస్ రాడ్ ఒక్కసారే తిప్పాల్సొచ్చింది. నిన్న అమ్మాయి నెక్ మీద మళ్ళీ చెయ్యి జారించింది, ఈసారి భయంభయంగా. చివరిదాకా వెళ్ళి నవ్వింది.