కమిలిన మచ్చకు కోడ్ ఏది?

బల్ల అంచు తగిలి మోకాలు కమిలిందనుకోండి. నాలుగు రోజుల్లో మరిచిపోతాం. కానీ ఆ నీలపు మచ్చ సంగతి కంప్యూటరుకి చెప్పడం అంత తేలిక కాదు. న్యూజిలాండ్‌లో ఆసుపత్రి సాఫ్ట్‌వేరు రాసే నాకు ఇది తరచూ ఎదురయ్యే చిక్కు.

ఇక్కడి ఆసుపత్రులు వాడేది ఐసిడి-10-ఎఎం. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసిడి-10కి ఆస్ట్రేలియాలో చేసిన మార్పుచేర్పుల రూపం. మూలమైన ఐసిడి-10లో మోకాలు దెబ్బ తగిలి కమిలితే ఎస్80.0, కంటిచుట్టూ అయితే ఎస్00.1. దెబ్బేమీ లేకుండా దానంతటదే కమిలితే ఆర్23.3. కారణం తెలియకుండా ప్లేట్‌లెట్లు తగ్గి మచ్చలొస్తే డి69.3. చూడ్డానికి మచ్చలన్నీ ఒకటే. కోడ్‌ని తేల్చేది కారణమూ, చోటూ.

ఏ కోడైతే ఏమిటంటారా? ఇక్కడ 1974 ఏప్రిల్ 1 నుంచి ఏసీసీ అనే ప్రభుత్వ బీమా పథకం ఉంది. తప్పెవరిదని అడక్కుండా ప్రమాదంలో గాయపడ్డవారి వైద్యానికి సాయం చేస్తుంది. మామూలు జబ్బులు దాని పరిధిలోకి రావు. దెబ్బా, జబ్బా అన్న ఒక్క మాట మీద డబ్బెవరిస్తారన్నది ఆధారపడుతుంది.

పసిపిల్లల విషయంలో ఇది డబ్బుతో పోయేది కాదు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలిబూడిద రంగు మచ్చలుంటాయి. మావోరీ, పసిఫిక్ దీవుల పిల్లల్లోనూ ఇవి మామూలే. పుట్టినప్పుడే రాసిపెట్టకపోతే, తర్వాత చూసినవారికి ఎవరో కొట్టారన్న అనుమానం రావచ్చు. దీనికి రెండోవైపు కూడా ఉంది: ఇంకా బోర్లాపడని బిడ్డ ఒళ్ళు నిజంగానే కమిలి ఉంటే, దాన్ని పుట్టుమచ్చని కొట్టిపారేయడం ప్రమాదం. చామనచాయ ఒంటి మీద దెబ్బలు సరిగా కనపడవు కూడా.

మరి ఏం రాయాలి? చోటు, సెంటీమీటర్లలో కొలత, ఆకారం, రంగు, ఎలా తగిలిందో వాళ్ళు చెప్పిన మాటల్లోనే. రంగుని బట్టి దెబ్బ ఎన్నాళ్ళదో కచ్చితంగా చెప్పలేం కనక "పాత దెబ్బ" అని రాయకూడదు. పుట్టుమచ్చ రోజుల్లో రంగు మారదు, దెబ్బ మారుతుంది. కాబట్టి కొద్దిరోజులాగి మళ్ళీ చూసి రాసుకోవడం మేలు.

ఇహ మనబోటి ప్రోగ్రామర్లకు ఒక్క మాట. చోటు తెలియని దెబ్బలకు టి14.0 అనే కోడుంది. ఫారంలో దాన్నే డిఫాల్టుగా పెడితే తీరికలేని డాక్టరు దాన్ని మార్చడు. "కారణం తెలియదు", "కారణం అడగలేదు" అన్నవి రెండూ ఒకటి కావు. డేటాబేసులో రెంటినీ నల్ కింద కలిపేస్తే ఆ తేడా మళ్ళీ దొరకదు.

న్యూజిలాండ్‌లో ఉన్న తల్లిదండ్రులు బిడ్డ మచ్చల్ని వెల్ చైల్డ్ తమారికి ఓరా పుస్తకంలో మిడ్‌వైఫ్ చేత తప్పక రాయించండి.