కీబోర్డునందలి పక్కవాద్యముల మాట

సింగరేణి గనుల కాలనీలలో గాని, గోదావరి తీరపు పల్లెలలో గాని, నేడు భజన జరుగుచోట హార్మోనియమునకు బదులుగా విద్యుత్ కీబోర్డు కనబడుట సామాన్యమైనది. మా శ్రీరాంపూర్ భజన మందిరమునను అట్టిదొకటి కలదు. దీనిని అరేంజర్ కీబోర్డు అందురు. హార్మోనియమున మెట్టు నొక్కినప్పుడు స్వరము పలుకును, విడిచినప్పుడు మానును. ఈ యంత్ర మట్లు కాదు. ఎడమచేతితో రెండు మూడు మెట్లు నొక్కిన చాలును. తబలా, డోలు, గిటారు, తీగవాద్యముల గుంపు, అన్నియు తమంతట తాము మ్రోగుచు పోవును. ఈ సిద్ధపు అమరికకు స్టైలు అని పేరు. అయిదారుగురు వాద్యకారుల పనిని ఒక్కడు చేయగలుగుచున్నాడు. చిక్కేమనగా, ఆ అయిదారుగురిలో ఒక్కడైనను పాడువాని ముఖము చూడడు. సురభి నాటకములు చూచిన శ్రోతలకు జ్ఞాపకముండును: పద్యము చివర నటుడు రాగము తీయుచుండగా హార్మోనిస్టు ఎంతసేపైనను వేచియుండి, వాని వెంట పోయెడివాడు. యంత్రమున కా ఓర్పు లేదు. దానిని మనమే అణచి ఉంచవలెను.

అణచుటకు ముందు సరంజామా తెలియవలెను. యమహావారి పెద్ద కీబోర్డులలో ఒక స్టైలునందు ఎనిమిది భాగములుండును: తాళవాద్యములు రెండు, బేస్ అను మంద్రస్వరము ఒకటి, కార్డు అను స్వరసముదాయములు రెండు, ప్యాడ్ అను దీర్ఘనాదము ఒకటి, ఫ్రేజ్ అను అలంకారపు పలుకులు రెండు. మిక్సర్ అను పుట తెరచినచో ఈ యెనిమిదింటి ధ్వనిని వేర్వేరుగా తగ్గింపవచ్చును, బొత్తిగా మాన్పనువచ్చును. భజనకైతే మొదట ఫ్రేజులను మాన్పవలెను. పాటలోని మాటకు అడ్డుతగులునవి అవియే. పిమ్మట ప్యాడును, ఆపైన కార్డులను మాన్పి, బేస్‌ను సగమునకు దింపవలెను. తాళవాద్యము కంఠముకంటె తక్కువగా ఉండవలెను. ఎంత తక్కువ యన్నది వాయించువాడు నిర్ణయింపరాదు. స్పీకరు వెనుక కూర్చున్నవానికి నిజము వినబడదు. గుమ్మమువద్ద కూర్చున్నవారిని అడుగవలెను.

చిన్న కీబోర్డులలో చాలవానికి ఇట్టి మిక్సర్ ఉండదు. స్టైలు మొత్తమునకు ఒకే పరిమాణముండును. యమహాలో అది 0 మొదలు 127 వరకు. అయినను వానిలో ఎ.సి.ఎం.పి. అను బొత్తము కలదు. దానిని ఆర్పినచో స్వరములన్నియు మాని తాళవాద్యము మాత్రమే మిగులును. పల్లె భజనకు తరచుగా ఇదియే చాలును.

ఇంత కత్తిరింపు ఏలయని యువకులు నన్ను అడుగుదురు. మోహనరాగమును చూడుడు. దానిలో స, రి, గ, ప, ద అను అయిదు స్వరములే కలవు. షడ్జమును సి అను మెట్టున నిలిపినచో, సి-మేజరు కార్డులో పలుకునవి స, గ, ప, దోషము లేదు. ఎ-మైనరులో ద, స, గ, అదియు సరియే. సినిమాపాటల అలవాటుచే చేయి ఎఫ్-మేజరునకు పోయెనా, మధ్యమము వచ్చిపడును. జి-మేజరునకు పోయెనా, నిషాదము వచ్చిపడును. గాయకుడు వర్జించిన స్వరమును యంత్రము అయిదు వాద్యములతో చాటుచుండును! దీనికి మందు సులభము. కార్డు వలె మూడు మెట్లు నొక్కక, స, ప అను రెంటినే నొక్కవలెను. అనేక యంత్రములు ఈ జంటను గుర్తించి గాంధారమును విడిచి వాయించును. హిందోళమున ఇదియు పనికిరాదు, అందు పంచమమే లేదు. అక్కడ షడ్జమును, పై షడ్జమును మాత్రమే పట్టవలెను.

గాంధారమును విడుచుటకు ఇంకొక కారణము కలదు. స్థాయిని 1200 సెంట్లుగా భాగించి కొలుచు పద్ధతిలో, తంబురా నాదమున సహజముగా పుట్టు అంతరగాంధారము 386వ సెంటు వద్ద నుండును. కీబోర్డుది 400 వద్ద. పదునాలుగు సెంట్ల యెడము శిక్షితమైన చెవికి ముల్లువలె తగులును. పంచమమున యెడము రెండే సెంట్లు, అది బాధింపదు. ఇట్టి స్థిరస్వరదోషము, గమకమునకు చోటు లేకుండుట మున్నగు ఆక్షేపణలచేతనే ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించినది. 1971లోగాని ఆ కట్టుబాటు సడలలేదు. నిషేధము అతియని నా మతము. కాని ఆక్షేపణలో సత్యము కలదు. దీర్ఘముగా నిలుచు ప్యాడ్ ధ్వనిలో ఈ దోషము మిక్కిలి స్పష్టమగును గనుక దానిని ముందే మాన్పుమంటిని.

ఇక తాళము. స్టైళ్లలో అధికభాగము నాలుగు అక్షరముల లెక్కవి. ఆదితాళమున కవి చక్కగా సరిపోవును. మా మందిరమున డెబ్బదియేండ్లు దాటిన గాయకుడొకడు కలడు. గనిలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఆయన పాడు తత్త్వములలో కొన్ని మిశ్రగతివి, ఏడు అక్షరములకు ఒక ఆవృత్తము. యంత్రము నాలుగు చొప్పున కొట్టుచుండ ఆయన ఏడు చొప్పున పాడవలెను. రెండును కలియునది ఇరువది యెనిమిదవ అక్షరము గడచిన పిమ్మటనే. పాపము, ఆయన అక్షరములను సాగదీసి ఎనిమిది చేసి పాడజూచెను. మాట విరిగి అర్థము చెడినది. మరునాటినుండి ఆయన మందిరమున పాడుట మానెను. రెండు వారములు గడచిన పిదప యువకులే పోయి పిలుచుకొనివచ్చిరి. ఆయన పాడినంతసేపు స్టైలును పూర్తిగా ఆపి, కీబోర్డున షడ్జ పంచమములను మాత్రము నిలిపి, లయను చిరుతలకు అప్పగించిరి. ఆ రాత్రి ఆయన నాలుగు తత్త్వములు పాడెను. వానిలో రెండు ఇప్పటి పిల్లలెవ్వరును వినినవి కావు. వ్రాసికొనుచున్నారు. పెద్ద కీబోర్డులలో ఏడు అక్షరముల స్టైలును మనమే కూర్చుకొను వసతి కలదు గాని, చిరుతలు చేతనుండగా ఆ శ్రమ యేల?

లయ వేగమును సంఖ్య చూచి పెట్టుకొనరాదు. గాయకుని పల్లవి ఒకసారి సాగనిచ్చి, ట్యాప్ అను బొత్తమును ఆయన నడకకు సరిగా తట్టినచో యంత్రము ఆ వేగమును గ్రహించును. శ్రుతి మార్చుటకు ట్రాన్స్‌పోజ్ కలదు. స్త్రీలు అయిదు శ్రుతికి పాడునప్పుడు వాయించువాడు మెట్లు మార్చుకొన పనిలేదు. ఈ అమరికలన్నింటిని పాటపాటకు రిజిస్ట్రేషన్ మెమొరీలో దాచుకొనుట మంచిది. భజన నడుమ కరెంటు పోయి వచ్చినచో ట్రాన్స్‌పోజ్ చాల యంత్రములలో మరల సున్నకు చేరును. దాచిన బొత్తమును ముందు నొక్కి, షడ్జమును మెల్లగా పలికించి, గాయకుడు తలయూపిన పిమ్మట మొదలుపెట్టవలెను.