అసలు కంటే కొసరు ముద్దా?



కూరలు కొన్నాక రెండు రెబ్బల కరివేపాకు కొసరడం మనకు అలవాటే. కాలేజీ అమ్మాయిలు వెళ్ళే రెడీమేడ్ దుకాణాల్లో ఇప్పుడు ఆ కొసరే 'పాయింట్లు' అని పేరు పెట్టుకుని వస్తోంది. మంగళగిరి డ్రెస్ మెటీరియల్స్, చీరాల చీరలు తెచ్చి ఇంట్లో అమ్ముకునే సోదరీమణులు మనలో చాలామందే ఉన్నారు. పెద్ద దుకాణాల పక్కన నిలబడాలంటే వాళ్ళకూ ఏదో ఒక కొసరు పథకం కావాలి. అది ఎలా వేసుకోవాలో, నష్టం ఎక్కడ వస్తుందో ఈవేళ చెప్పుకుందాం.

ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో 1896లోనే ఒక కంపెనీ దుకాణాల ద్వారా పచ్చ స్టాంపులు పంచింది. వాటిని పుస్తకంలో అంటించి, నిండాక వస్తువులు తెచ్చుకునేవారు. మన దేశంలో షాపర్స్ స్టాప్ 1994లో ఇలాంటి సభ్యత్వం పెట్టింది. మన వైపు బట్టల కొట్టు షావుకారు, మిరపకాయలు అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా ఖాతాలో రాసుకుని ఆగేవారు. అదీ ఒక పథకమే!

ముందు లెక్క చూద్దాం. వంద రూపాయలకు ఒక పాయింటు, పాయింటుకు ఒక రూపాయి అనుకోండి. అంటే నూటికి ఒక్క రూపాయే. 250 పాయింట్లు చేరితేగాని వాడుకోకూడదంటే, 25,000 రూపాయల బట్టలు కొనాలి. నెలకు వెయ్యి ఖర్చుపెట్టే అమ్మాయికి రెండేళ్ళు దాటుతుంది. ఈలోగా ఏడాదికే పాయింట్లు చెల్లకపోతే? ఆ అమ్మాయి మళ్ళీ రాదు. పాయింట్ల కోసం అక్కర్లేని బట్ట కొనవద్దని మన పిల్లలకూ ఈ లెక్కే చెప్పాలి.

కాబట్టి బహుమతి దగ్గరలో ఉండాలి. 2006లో నూన్స్, డ్రెజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక తమాషా విషయం ప్రకటించారు. కార్లు కడిగే చోట కొందరికి ఎనిమిది గళ్ళ ఖాళీ కార్డు ఇచ్చారు. మరికొందరికి పది గళ్ళ కార్డులో రెండు ముందే ముద్రవేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవలసింది ఎనిమిది సార్లే. మొదటివారిలో నూటికి 19 మంది పూర్తిచేస్తే, రెండోవారిలో 34 మంది చేశారు! మీరూ ఏడు గళ్ళ కార్డు చేయించి, మొదటి గడిలో మీరే ముద్ర వేసి ఇవ్వండి.

కొసరు మాత్రం ధర మీద కాదు, లాభం మీద లెక్కకట్టండి. 800 రూపాయల చీర మీద మీకు 160 మిగులుతుందనుకోండి. నూటికి అయిదు తగ్గిస్తే 40 రూపాయలు, అంటే లాభంలో పావు వంతు పోయినట్టే! దానికంటే చీరకు ఫాల్ కుట్టి ఇవ్వండి, కొలత కుదరకపోతే మార్చి ఇవ్వండి, కొత్త రంగులు రాగానే కార్డున్నవాళ్ళకు ముందు చూపించండి. నలుగురికంటే ముందు తానే కట్టుకోవాలన్నది పడుచుపిల్లల సరదా కదూ!

ఫోన్ నంబరు ఇచ్చి తీరాలని మాత్రం పట్టుబట్టకండి. దుకాణాలు అలా చేయకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో సూచించింది. కార్డు చాలు.

చివరగా ఒక్కమాట. ఒక్క ఉతుకుకే రంగు వెలిసే బట్ట అమ్మి, వంద పాయింట్లిచ్చినా ఏ అమ్మాయీ రెండోసారి మీ గడప తొక్కదు. అసలు బాగుంటేనే కొసరు ముద్దు. సెలవు.