టెన్త్ రాకముందే తెలుసుకోవాల్సినవి

ఎంట్రన్స్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే గోడల మీద, ఆటోల వెనక, బస్టాండ్ల దగ్గర ర్యాంకర్ల ఫొటోలు వెలుస్తాయి. వాటి పక్కనే ‘ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్’ అన్న ప్రకటన. అది చదివిన తల్లిదండ్రుల్లో కొందరికి మావాడికి ఇప్పటికే ఆలస్యమైందేమోనన్న బెంగ. మరికొందరికి అంత ఫీజు కట్టే స్తోమత లేదే అన్న దిగులు. పిల్లల్ని కాలేజీకి, కొలువుకు ముందునుంచే సిద్ధం చేయాలన్న మాట నిజమే. ఏ విషయంలో ముందుండాలన్న దగ్గరే మన ఇళ్లు పొరబడుతున్నాయి. పాఠాల్లో రెండేళ్లు ముందుకు పరిగెత్తించడానికి అప్పు చేసే ఇంట్లోనే, ఎనిమిదో తరగతిలో రాయాల్సిన స్కాలర్‌షిప్ పరీక్ష గురించి ఎవరికీ తెలియకుండా పోతోంది.

అపోహ: ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సులో వేయకపోతే ఐఐటీ అందదు.

వాస్తవం: జేఈఈ మెయిన్ సిలబస్ అంటే ఇంటర్ రెండేళ్ల గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు. అవి చదవడానికి ఆ రెండేళ్లున్నాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 16 ఏళ్లు నిండనివారిని కోచింగ్ సెంటర్లు చేర్చుకోరాదనీ, లేదా పదో తరగతి పరీక్షలు అయ్యాకే తీసుకోవాలనీ చెప్పాయి. కోచింగ్ సెంటర్ల కోసం రాసిన ఈ మాట బడి టైంటేబుల్లోకి చొరబడ్డ ఫౌండేషన్ పీరియడ్లకూ వర్తించాల్సిందే. ఎనిమిదో తరగతి పిల్ల భిన్నాల దగ్గర, శాతాల దగ్గర తడబడుతుంటే ఇంటర్ సూత్రాలు బట్టీ పట్టించి ప్రయోజనం లేదు. ఆ వయసులో కావలసింది తన తరగతి లెక్క తనంతట తాను చేయగలగడం, పాఠం చదివి సొంత మాటల్లో చెప్పగలగడం, రోజూ కాసేపు ఆడుకోవడం.

సీట్ల సంగతీ తెలిసి ఉండాలి. 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షల పైచిలుకు. ఆ ఏడు ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే నూటికి ఇద్దరికి కూడా దక్కవు. ఐఐటీ కోరుకోవడం తప్పు కాదు. కానీ పదకొండేళ్ల పిల్లాడికి అదొక్కటే లక్ష్యమని నూరిపోస్తే, సీటు రాని పెద్ద గుంపులో నిలబడ్డ రోజున వాడికి చెప్పడానికి మన దగ్గర మరో దారి ఉండదు.

అపోహ: తెలివైన పిల్లలకు ఎంపీసీ, బైపీసీ. మార్కులు రానివారికి సీఈసీ, హెచ్ఈసీ.

వాస్తవం: తెలుగు ఇళ్లలో ఇంతగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదు. దీని ఖరీదు కట్టేది పిల్లలే. ఏ గ్రూపు చదివినా ఇంటర్ తర్వాత లా ఎంట్రన్స్ అయిన క్లాట్ రాయొచ్చు. ఆ ర్యాంకుతో హైదరాబాద్‌లోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో అయిదేళ్ల లా కోర్సులో చేరొచ్చు. సీఏ ఫౌండేషన్ పరీక్షకు గ్రూపు పట్టింపు లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర, భాషలు, సామాజిక శాస్త్రాల్లో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. వాటికి దారి 2022లో మొదలైన సీయూఈటీ ప్రవేశ పరీక్ష. ఐఐఎం ఇండోర్ ఇంటర్ అయినవారినే అయిదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సులోకి తీసుకుంటోంది. సైన్స్ అంటే నిజంగా ఇష్టపడే పిల్లలకు ఇంజినీరింగ్, మెడిసిన్ రెండే గతి కాదు. పరిశోధన వైపు మళ్లాలనుకుంటే మన తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ ఉంది. సివిల్స్‌కైతే ఏ డిగ్రీ అయినా చాలు.

గ్రూపు ఎంపికతో కొన్ని తలుపులు మూసుకుంటాయన్నదీ దాచకూడని నిజం. సీఈసీ చదివి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాయలేరు. బైపీసీ వాళ్లకు బీటెక్‌లో దాదాపు అన్ని బ్రాంచీలూ దూరమే. అదే ఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ, బైపీసీ వాళ్లూ ఇద్దరూ అర్హులే. ఎంపీసీ చదివాక మనసు మెడిసిన్ మీదికి మళ్లితే, జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనవారు నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో తేల్చిచెప్పింది. ఏ తలుపు తెరిచి ఉంటుందో, ఏది మూసుకుంటుందో తొమ్మిదో తరగతిలోనే పిల్లలతో కూర్చుని చెప్పాలి. అడ్మిషన్ ఫారం నింపే రోజున చెబితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

అపోహ: పాలిటెక్నిక్ అంటే చదువు రానివారి దారి.

వాస్తవం: పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. అప్పటికే వర్క్‌షాపులో చేయి తిరిగి ఉంటుంది. పది తర్వాత వ్యవసాయ డిప్లొమా కూడా ఉంది. అగ్రిసెట్ రాసి అక్కణ్నుంచి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లొచ్చు. ఇక 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అందరూ ‘ట్రిపుల్ ఐటీ’ అని పిలిచే బాసర, నూజివీడు, ఇడుపులపాయ క్యాంపస్‌లు దాని కిందే మొదలయ్యాయి. తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. పది మార్కుల ఆధారంగా సీటు, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కులూ కలుపుతారు. పల్లెటూరి బడిలో చదివే పిల్లకు ఈ సంగతి ఎనిమిదిలో తెలిస్తే పది మార్కుల విలువ ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

అపోహ: ఎంట్రన్స్ ర్యాంకు వస్తే చాలు, ఇంటర్ మార్కులతో పనిలేదు.

వాస్తవం: జేఈఈ ర్యాంకు వచ్చినా ఎన్ఐటీలో, ఐఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులుండాలి, లేదా బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో నిలవాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం. ర్యాంకు చేతికొచ్చాక మార్కులు చాలక ఆగిపోతే అంతకు మించిన బాధ లేదు.

అపోహ: తెలుగు మీడియంలో చదివితే పెద్ద పరీక్షలు గట్టెక్కలేరు.

వాస్తవం: జేఈఈ మెయిన్, నీట్ రెండూ తెలుగు సహా 13 భాషల్లో జరుగుతున్నాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పారసంబ గ్రామం నుంచి వచ్చిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా, తెలుగులోనే రాసి 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. కాలేజీ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి ఆ భాష నేర్చుకోక తప్పదు. తొమ్మిదో తరగతి నుంచి రోజుకో పేజీ ఇంగ్లిష్ చదివించినా ఇంటర్‌కు వచ్చేసరికి బెదురు తగ్గుతుంది.

అపోహ: ఆడపిల్లలకు, వైకల్యం ఉన్న పిల్లలకు కొన్ని చదువులు కుదరవు.

వాస్తవం: మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదు. పదిలో మంచి మార్కులు వచ్చినా, అంధుడన్న కారణంతో ఇంటర్‌లో సైన్స్ ఇవ్వలేదు. కోర్టుకెళ్లి గెలిచాడు. 98 శాతం మార్కులు తెచ్చుకుని అమెరికాలోని ఎంఐటీలో చేరాడు. తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో ఆయన జీవితం హిందీ సినిమా అయింది. సైనికాధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) తలుపులు 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో అమ్మాయిలకు తెరుచుకున్నాయి. 2025 మేలో తొలి జట్టులోని 17 మంది శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. ‘రూలు ఒప్పుకోదు’ అని ఎవరైనా అంటే ఆ రూలు ఏమిటో, ఇప్పుడూ ఉందో లేదో ఒకసారి వాకబు చేయాలి.

అపోహ: పిల్లలకు దేనిమీద ఆసక్తి ఉందో ఇంటర్ అయ్యాక గానీ తెలియదు.

వాస్తవం: తొమ్మిది, పది తరగతుల కోసం ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్ఈ కలిసి ‘తమన్నా’ అనే అభిరుచి పరీక్షను తయారుచేశాయి. ఇందులో పాస్, ఫెయిల్ లేవు. భాష, అంకెలు, యంత్రాల అవగాహన, ఆకారాలను ఊహించడం వంటి ఏడు అంశాల్లో పిల్లల బలమేమిటో చూపుతుంది. అది చెప్పిందే వేదం కాదు, మాట్లాడుకోవడానికి ఒక ఆధారం. జాతీయ విద్యావిధానం 2020 అయితే ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. బడి ఆ పని చేయకపోయినా, వేసవిలో మేనమామ మెకానిక్ షెడ్డులోనో, పక్కింటి నర్సమ్మతోనో రెండు మూడు రోజులు గడిపితే పని అంటే ఏమిటో పిల్లలకు తెలుస్తుంది.

అపోహ: సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్‌ల సంగతి సీటు వచ్చాక చూసుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. పదో తరగతిలో పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో బడిలో నామినల్ రోల్స్ తయారవుతాయి. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఆఖరికి ఒంటి మీది రెండు పుట్టుమచ్చలు కూడా అందులోకి ఎక్కుతాయి. చాలా బళ్లలో పిల్లలు గబగబా సంతకం పెట్టి క్లాసుకు పరుగెడతారు. ఇంటిపేరులో ఒక అక్షరం పోయినా, ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీతో కలవకపోయినా, అదే తప్పు టెన్త్ మెమోలో అచ్చవుతుంది. కాలేజీ, పాస్‌పోర్ట్, ఉద్యోగం అన్నిచోట్లా ఆ మెమోనే చూపించాలి. ఆ రోజు పది నిమిషాలు కేటాయించి ఒక్కో అక్షరం సరిచూసుకుంటే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే అగచాట్లు తప్పుతాయి.

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడులు మారిన పిల్లలు టీసీతో పాటే అవీ తీసుకోవాలి. మూతపడిన బడి నుంచి తెచ్చుకోవడం మాటలు కాదు. రాష్ట్రంలో బీసీగా ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు. ఉన్నా, కేంద్ర సంస్థలకు నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే నమూనాలో కావాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఏ ఏటికాయేడు కొత్తగా తీసుకోవాల్సిందే.

ఇక మొదట్లో చెప్పిన స్కాలర్‌షిప్ పరీక్ష పేరు ఎన్ఎంఎంఎస్. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు రాయొచ్చు. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. ఎనిమిది దాటితే మళ్లీ అవకాశం లేదు. గురుకులాల వంటి రెసిడెన్షియల్ బడుల వారికి వర్తించదు. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే ఈ వారమే హెడ్మాస్టర్ని కలిసి దరఖాస్తు ఎప్పుడో అడగండి. ఆదాయ ధ్రువపత్రానికి ఇప్పుడే మీసేవలోనో, సచివాలయంలోనో అర్జీ పెట్టించండి.